బ్రేకు కారే వేస్తుందిలే అనుకోవచ్చా?

ప్రశ్న: మా కొత్త కారులో అడాస్ (డ్రైవర్‌కు సాయపడే ఎలక్ట్రానిక్ ఏర్పాట్లు) ఉంది. హైవే మీద అడాప్టివ్ క్రూయిజ్ పెడితే ముందు కారును బట్టి వేగం తనే తగ్గించుకుంటుంది, తనే పెంచుకుంటుంది. ఆ మధ్య ముందున్న కారు చటుక్కున పక్క లేన్‌లోకి తప్పుకుంది. ఎదురుగా ఆగిపోయిన లారీ! మా కారు వేగం తగ్గించనే లేదు, నేనే బ్రేకు తొక్కాను. రాడార్ పాడైందంటారా?

జవాబు: పాడై ఉండకపోవచ్చు. మీరు చెప్పింది ఈ ఏర్పాటుకు మొదటినుంచీ ఉన్న బలహీనతే. కారుతో ఇచ్చే పుస్తకంలో చిన్న అక్షరాల్లో రాసి కూడా ఉంటుంది. బంపర్ వెనకుండే రాడార్ ఎదుటి వస్తువు ఎంత దూరంలో ఉందో, మీ వైపు ఎంత వేగంగా వస్తోందో కొలుస్తుంది. మీరు 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సైన్‌బోర్డులు, వంతెనలు, డివైడర్ రెయిలింగులు, రోడ్డు మీది ఇనుప మూతలు అన్నీ అదే 100తో మీ మీదికి వస్తున్నట్టు దానికి తోస్తుంది. ఆగిన లారీ కూడా ఆ గుంపులోదే. వీటన్నిటికీ బ్రేకు వేస్తూ పోతే వెనకవాళ్లు వచ్చి గుద్దుతారు. అందుకే చాలా కార్లలో కదలని వాటిని పెద్దగా లెక్కలోకి తీసుకోకుండా, అది వాహనమేనని కెమెరా కూడా ఖాయం చేసేదాకా ఆగుతారు. కదులుతుండగా పసిగట్టిన కారు తర్వాత ఆగిపోతే ఇబ్బంది తక్కువ. మొదటి చూపులోనే ఆగి కనిపించిన దానితోనే చిక్కు.

ఇంకో సంగతి. క్రూయిజ్ వేసే బ్రేకు వేరు, ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు పడే ఎమర్జెన్సీ బ్రేకు వేరు. సెన్సర్లు అవే, ప్రోగ్రాములు రెండు. క్రూయిజ్‌ను సుఖం కోసం పెట్టారు కాబట్టి హైవే మీద ఒక్కో సెకనుకు 12, 13 కిలోమీటర్లకు మించి వేగం తగ్గించదు. పొడి రోడ్డు మీద మీరు గట్టిగా తొక్కితే దానికి రెట్టింపు తగ్గుతుంది.

లెక్క కూడా చూడండి. 100 వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. తేరుకుని కాలు బ్రేకు మీద పడటానికి ఒకటిన్నర సెకను పడితే అప్పటికే 42 మీటర్లు అయిపోయాయి. పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 55. తడిరోడ్డు మీద పట్టు సగానికి పడిపోతే ఆ 55 కాస్తా 110 అవుతుంది. అరిగిన టైర్లుంటే ఏ ఎమర్జెన్సీ బ్రేకూ ఈ లెక్కను మార్చలేదు. కాబట్టి ముందు కారుకు ఎంత ఎడం ఉంచాలో క్రూయిజ్‌కు చెప్పే గ్యాప్ సెట్టింగును అన్నిటికన్నా ఎక్కువ దూరానికి పెట్టండి. ముందు కారు పక్కకు జరగబోతోందని కనిపించగానే కాలు బ్రేకు మీదికి తెచ్చుకోండి. జోరు వానలో, పొగమంచులో క్రూయిజ్ ఆపేయండి.

ప్రశ్న: ఇవన్నీ కారు అమ్ముకోవడానికి పెట్టిన హంగులని మా అబ్బాయి వాదన. వీటివల్ల ప్రమాదాలు నిజంగా తగ్గాయా?

జవాబు: మీ అబ్బాయిది సగం నిజం. అడాస్ అనే ఒక్క పేరు కింద రెండు రకాల సరుకు కలిపి అమ్ముతున్నారు.

మొదటి రకం మామూలుగా చప్పుడు చేయకుండా పడుంటుంది, ఆఖరి క్షణంలో మాత్రం కలగజేసుకుంటుంది. దీనికి పెద్దన్న లాంటిది ఈఎస్‌సీ అనే స్థిరత్వ నియంత్రణ. స్టీరింగ్ తిప్పిన వైపుకీ, కారు నిజంగా తిరుగుతున్న వైపుకీ తేడా వస్తే ఏదో ఒక చక్రానికి విడిగా బ్రేకు వేసి దారికి తెస్తుంది. ఒక్క కారే అదుపు తప్పి జరిగే ప్రాణాంతక ప్రమాదాలు దీనివల్ల దాదాపు సగానికి తగ్గాయని అమెరికాలో వాహన భద్రతను పరీక్షించే ఐఐహెచ్ఎస్ సంస్థ లెక్కతేల్చింది. వాళ్ల లెక్కల్లోనే, ముందు వాహనాన్ని వెనకనుంచి గుద్దే ప్రమాదాలు హెచ్చరిక మాత్రమే ఉన్న కార్లలో 27 శాతం, హెచ్చరికతో పాటు ఆటోమేటిక్ బ్రేకు కూడా ఉన్న కార్లలో 50 శాతం తగ్గాయి. పాదచారులను కూడా గుర్తుపట్టే ఆటోమేటిక్ బ్రేకు ఉన్న కార్లు వాళ్లను గుద్దడం 27 శాతం తగ్గింది. అయితే వీధి దీపాలు లేని చీకట్లో మాత్రం తేడా ఏమీ కనిపించలేదు. మనుషులకు ప్రాణాపాయం ఎక్కువగా ఉండేది సరిగ్గా అక్కడే. ముందున్నది మోటార్‌సైకిల్ అయితే కారంత బాగా గుర్తుపట్టదన్నది కూడా గుర్తుంచుకోండి.

రెండో రకం వేగాన్నీ స్టీరింగునూ కలిపి తనే చూసుకుంటూ, మీరు కాపలా కాయాలంటుంది. నిపుణుల వర్గీకరణలో ఇది లెవెల్ 2. దీనివల్ల ప్రమాదాలు తగ్గాయనడానికి గట్టి ఆధారం ఇంకా దొరకలేదు. డ్రైవర్ దృష్టి మళ్లకుండా ఇవి ఎంత బాగా చూసుకుంటున్నాయో 2024లో అదే సంస్థ పరీక్షిస్తే 14 వ్యవస్థల్లో 11 నాసిరకమని తేలాయి. ఆశ్చర్యం ఏముంది? రాడార్ తెరను కాపలా కాయడం లాంటి పనిలో మనిషి శ్రద్ధ అరగంటలోనే సన్నగిల్లుతుందని మాక్‌వర్త్ అనే శాస్త్రవేత్త 1948లోనే చూపించాడు. ఏ పనీ లేకుండా కాపలా కాయడం మనిషికి చేతకాని పని. స్టీరింగ్ మీద చెయ్యి ఉన్నంత మాత్రాన మనసు రోడ్డు మీద ఉన్నట్టు కాదు. డబ్బు పెట్టాల్సి వస్తే మొదటి రకానికే పెట్టమంటాం.

ప్రశ్న: ముందు అద్దం పగిలితే కొత్తది వేయించాను. హెచ్చరిక లైటేదీ వెలగడం లేదు, కానీ కారును లేన్ గీతల మధ్య ఉంచాల్సిన లేన్ అసిస్ట్ దాన్ని ఒక పక్కకు లాగుతోంది. ఎందుకు?

జవాబు: కెమెరాకు క్యాలిబ్రేషన్ (అది చూసే కోణాన్ని సరిచేయడం) చేసి ఉండరు, లేదా సరిగ్గా కుదిరి ఉండదు. కెమెరా ఆ అద్దానికి అతికించిన బిగింపులోనే కూర్చుంటుంది. కోణం ఒక్క డిగ్రీ తేడా వస్తే 100 మీటర్ల దూరంలో చూపు 1.75 మీటర్లు పక్కకు పోతుంది, అంటే సుమారు సగం లేన్. బొమ్మ స్పష్టంగానే వస్తోంది కాబట్టి అంతా బాగానే ఉందని కెమెరా అనుకుంటుంది. లైటు వెలగకపోవడానికి అదే కారణం.

చేయించే పద్ధతి రెండు రకాలు. ఒకటి షెడ్డులో: నేల సమతలంగా ఉండాలి, టైర్లలో గాలి సరిపడా ఉండాలి, వీల్ అలైన్‌మెంట్ ముందే పూర్తయి ఉండాలి. కారు నడిమి గీత నుంచి కొలిచి గుర్తుల బోర్డును కంపెనీ చెప్పిన దూరంలో నిలబెడతారు. రెండోది రోడ్డు మీద: కారు కంప్యూటర్‌తో మాట్లాడే స్కానర్ తగిలించి, లేన్ గీతలు స్పష్టంగా ఉన్న చోట చెప్పిన వేగంలో కొంత దూరం నడుపుతారు. కొన్ని మోడళ్లకు రెండూ కావాలి. పని ముగిశాక స్కానర్ ఇచ్చే రిపోర్టు అడిగి తీసుకోండి; టేపుతో కొలిచి "అయిపోయింది సార్" అంటే ఒప్పుకోకండి. వీల్ అలైన్‌మెంట్‌ను క్యాలిబ్రేషన్ అయ్యాక చేస్తామంటే అసలు మొదలుపెట్టనివ్వకండి, ఎందుకంటే చక్రాలు పోయే దిక్కు మారితే ఈ పనంతా వృథా.

అద్దం ఒక్కటే కాదు. బంపర్ విప్పినా, సస్పెన్షన్ మార్చినా, వేరే సైజు టైర్లు వేసినా కంపెనీ ఏం చెప్పిందో చూసుకోవాలి. రాడార్ ముందున్న బంపర్ మీద పుట్టీ, మందమైన మెటాలిక్ పెయింట్ వేయకండి. 77 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 4 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. రెండు మిల్లీమీటర్ల పుట్టీ కూడా దానికి అడ్డం కావచ్చు. కెమెరా ముందు స్టిక్కర్లు, ఫిల్ములు అంటించకండి.

ప్రశ్న: బీప్ బీప్ మోత భరించలేక అన్నీ ఆపేశాను. తప్పా?

జవాబు: ఎమర్జెన్సీ బ్రేకును మాత్రం ఆపకండి. లేన్ మోత విసిగిస్తుంటే ముందు మీ ఇండికేటర్ అలవాటు చూసుకోండి. ఇండికేటర్ వేసి లేన్ మారితే చాలా కార్లు నోరెత్తవు. గీతలు చెరిగిన రోడ్డు మీద, పనులు జరిగే చోట దాన్ని ఆపుకోవచ్చు. కొన్ని కార్లలో స్టార్ట్ చేసిన ప్రతిసారీ అది తనే ఆన్ అవుతుంది.

ప్రశ్న: అద్దాల్లో కనపడని పక్క చోట బండి ఉంటే వెలిగే బ్లైండ్ స్పాట్ లైటు ఉంది కదా, తల తిప్పి చూడాల్సిన పని తప్పినట్టేనా?

జవాబు: తప్పలేదు. చాలా వేగంగా వెనకనుంచి దూసుకొచ్చే బండిని అది ఆలస్యంగా పట్టుకోవచ్చు. బురద, మంచు వెనక బంపర్ మీద పేరుకుంటే అసలు పట్టుకోకపోవచ్చు. అద్దం చూడండి, ఇండికేటర్ వేయండి, భుజం మీదుగా ఒకసారి చూడండి, ఆ తర్వాతే స్టీరింగ్ తిప్పండి. కారు కడిగేటప్పుడు బంపర్ మూలలు కూడా తుడవమనండి.