అరచేతంత చేపకి ఇల్లు కట్టు

చి. లావణ్యకి,

మావయ్య ఆశీస్సులు. బాబుకి ఏంజెల్ చేపలు కావాలట, ఈ ఆదివారమే ట్యాంకూ చేపలూ అన్నీ ఒక్కసారే కొని హాల్లో పెట్టేస్తావట. మీ అమ్మ చెప్పింది. ట్యాంకు కొనుక్కో తల్లీ. చేపల్ని మాత్రం నెలా నెలన్నర ఆపు. ఎందుకో ఇక్కడ రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే సగం కుక్కర్ విజిల్‌కే పోతుంది.

షాపులో ఏంజెల్ పిల్ల రూపాయి బిళ్లంత ఉంటుంది. ఏడాది తిరిగేసరికి ఒళ్లే అరచేతంత అవుతుంది. పై రెక్కా కింది రెక్కా కలుపుకుంటే నిలువు 8 అంగుళాలు దాటొచ్చు. నువ్వు కొనే ప్రతి వస్తువూ ఆ పెద్ద చేపని మనసులో పెట్టుకుని కొను. షాపువాడు బిళ్లంత చేపని చూపించి బిళ్లంత చేపకి సరిపోయే ట్యాంకు అంటగడతాడు.

అందుకే ముందు ఎత్తు అడుగు. 18 అంగుళాలకి తక్కువైతే వద్దు, 20 ఉంటే హాయి. మీ హాల్లో టీవీ పక్కన 3 అడుగుల చోటుందన్నావు కాబట్టి 36 పొడవు, 18 వెడల్పు, 20 ఎత్తు చేయించు. అద్దం 10 ఎంఎం. నీళ్లే 200 లీటర్లు పడతాయి, అంటే రెండు క్వింటాళ్లు. ఇసుక, రాళ్లు, అద్దం కలిస్తే ఇంకా పైమాటే. కాబట్టి హాలు మధ్యలో కాకుండా గోడ వారగా, కింద దూలం వచ్చే చోట పెట్టు. ఇనుప స్టాండు కొనకు. మీ విశాఖ మధురవాడకి ఋషికొండ బీచ్ వైపు నుంచి వచ్చే ఉప్పు గాలికి వెల్డింగ్ అతుకుల దగ్గర తుప్పు మొదలవుతుంది. చెక్కపొడి బోర్డులు తడికి ఉబ్బిపోతాయి. సిమెంటు దిమ్మల మీద గ్రానైటు పలక వేయించు, దాని మీద థర్మోకోల్ షీటు పరిచి ట్యాంకు పెట్టు. మీ అత్తగారు ఈశాన్యమే అంటారని తెలుసు. ఆ మూల పొద్దుటెండ నేరుగా పడకపోతే అక్కడే పెట్టేయ్, గొడవెందుకు. ఎండ పడితే మాత్రం పది రోజుల్లో అద్దమంతా పాచి. అప్పుడు తోమాల్సింది నువ్వే, ఆవిడ కాదు.

ఇక నీళ్లు. ఏంజెల్ పుట్టిల్లు అమెజాన్ నది. అక్కడి నీళ్లు మెత్తన, కాస్త ఆమ్లగుణం, వెచ్చన. మన షాపులకొచ్చేవి చెన్నై కొళత్తూరులోనో కలకత్తా చుట్టుపక్కలో తరతరాలుగా తొట్లలో పుట్టినవి కాబట్టి మన కుళాయి నీళ్లకి అలవాటు పడతాయి. క్లోరిన్ ఒక్కటే చూసుకోవాలి. యాంటీ క్లోరిన్ చుక్కలు వేసిన నీళ్లే పొయ్యి. మీ అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు కలుపుతారేమో వాచ్‌మన్‌ని అడుగు. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపించే టీడీఎస్ మీటరు చవకే, ఒకటి కొని పెట్టుకో. 300 దాటితే సగం ఆర్వో నీళ్లు కలుపు. ఈ వారం ఒకలా, వచ్చే వారం ఒకలా కాకుండా ఎప్పుడూ ఒకేలా ఉండాలి. పీహెచ్ సరిగ్గా 6.5 రావాలని రకరకాల సీసాలు కొని పోసేవాళ్లున్నారు. ఆ ఎగుడుదిగుడుకే చేప సగం చస్తుంది. 6.5 నుంచి 7.5 లోపు ఎక్కడున్నా దాని జోలికి పోకు.

బాబు ఆర్కే బీచ్‌లో ఏరుకొచ్చిన గవ్వలు, శంఖాలు, సముద్రపు ఇసుక ఇందులో పడనివ్వకు. ఏడుస్తాడు, అయినా సరే. గవ్వలు, శంఖాలంటే సున్నమే, ఆ ఇసుకలోనూ వాటి ముక్కలుంటాయి. మెల్లమెల్లగా కరిగి నీళ్లని గట్టిపరుస్తుంది, పీహెచ్ పెంచుతుంది. కొన్న రాయి మీద అనుమానమొస్తే నాలుగు చుక్కలు వెనిగర్ వెయ్యి, బుడగలొస్తే బయట పారెయ్. దానికి బదులు బాబుకి ఇంకో పని చెప్పు. మీ వీధిలో బాదం చెట్టు ఉంటుంది కదా, విస్తళ్లు కుట్టే ఆ ఆకే. దానంతట అది ఎండి రాలిన ఆకులు, పురుగుమందు పడనివి, రెండు మూడు ఏరుకొచ్చి కడిగి వేయమను. నీళ్లు పల్చటి టీ రంగుకి తిరుగుతాయి. అది చూసి కంగారుపడకు, ఏంజెల్‌కి అలాంటి నీళ్లే ఇష్టం.

అడుగున సన్నటి నది ఇసుక, నీళ్లు తేరేదాకా కడిగి, రెండున్నర అంగుళాల మందం. మొక్కల్లో ముందు కొనాల్సింది అమెజాన్ స్వోర్డ్. వేళ్లతో తినే మొక్క కాబట్టి దాని మొదలు దగ్గర ఎరువు బిళ్ల ఒకటి పాతు. వెనక వరసలో వాలిస్నేరియా. పొడుగ్గా నీటి మట్టం దాకా సాగుతుంది, ఏంజెల్ నిలువు చారలు అందులో కలిసిపోతాయి. ఆ చారలున్నది నిలువు కాడల మధ్య దాక్కోవడానికే. జావా ఫెర్న్, అనూబియాస్ రెండూ చెక్క దుంగకి దారంతో కట్టు. వాటి దుంప ఇసుకలో పాతితే కుళ్లిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండరు కొనమంటారు, ఈ మొక్కలకి అక్కర్లేదు. లైటు టైమరు మీద రోజుకి 7 గంటలు చాలు.

ఫిల్టరు మరీ జోరుగా తోసేది వద్దు. ఏంజెల్‌ది పల్చని ఒళ్లు, రోజంతా ప్రవాహానికి ఎదురీదలేదు. గాలి మోటారుని ట్యాంకు నీటి మట్టం కన్నా కింద పెడితే పైపు మధ్యలో నాన్ రిటర్న్ వాల్వ్ తప్పనిసరి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు పైపులోంచి వెనక్కొచ్చి మోటారులోకి, అక్కణ్ణించి నేల మీదకి.

ఇప్పుడు ఆ నెలన్నర సంగతి. చేప మలం, మిగిలిన మేత కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. అది విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది, దాన్ని మొక్కలు లాగేసుకుంటాయి. ఈ బాక్టీరియా ఫిల్టరులో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త నీళ్లలో చేపలు వారానికొకటి ఎందుకు చనిపోతున్నాయో తెలీక దిష్టి తగిలిందనుకునే ఇళ్లు ఎన్నో. చేపల్లేకుండానే రోజూ చిటికెడు మేత వేస్తూ ఉండు. మా ట్యాంకులోని స్పాంజి ముక్క ఒకటి ఇస్తాను, నీ ఫిల్టరులో పెట్టు. పాలకి తోడు వేసినట్టే, త్వరగా పేరుకుంటుంది. టెస్ట్ కిట్‌తో చూస్తే అమ్మోనియా, నైట్రైట్ రెండూ వరసగా సున్నా రావాలి. అప్పుడే చేపలు. తర్వాత స్పాంజి కడగాల్సొచ్చినా ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండు, కుళాయి కింద పెడితే క్లోరిన్‌కి బాక్టీరియా చస్తుంది.

తోటి చేపలు ముందు, ఏంజెల్స్ చివర. ఏంజెల్ ముందొస్తే ట్యాంకంతా తనదే అంటుంది. రమ్మీ నోజ్ టెట్రాలు పది, అడుగున కోరిడోరాస్ ఆరు, పాచి గీకడానికి ఒక బ్రిజిల్‌నోజ్ ప్లెకో. కోరిడోరాస్ మీసాలతో ఇసుక తవ్వుకుంటాయి, అందుకే సన్నటి ఇసుక వేయమన్నాను. వీటన్నిటికీ వెచ్చని నీళ్లే పడతాయి. బాబు నియాన్ టెట్రాలు అడుగుతాడు. ఏంజెల్ చిన్నగా ఉన్నన్నాళ్లూ బాగానే ఉంటాయి. పెద్దయ్యాక రాత్రికొకటి మాయమవుతుంది, దాని నోట్లో సరిగ్గా పట్టేంత సైజు మరి. టైగర్ బార్బులు ఏంజెల్ పొడుగు రెక్కల్ని కొరికేస్తాయి. గోల్డ్ ఫిష్‌కి చల్లని నీళ్లు కావాలి. 'షార్క్' అని వెండిరంగు పిల్లలు అమ్ముతారు చూడు, అది మన గోదావరి జిల్లాల్లో కూరకి పెంచే పంగాసియస్. 3 అడుగులు దాటుతుంది, హాల్లో దానికి చోటెక్కడ? సక్కర్ ఫిష్ కూడా అంతే, అడుగు దాటి పెరుగుతుంది. విసుగొచ్చి చెరువుల్లో వదిలేసినవి పెరిగి పెరిగి వలలు చింపుతున్నాయనే మన జాలర్లు దాన్ని డెవిల్ ఫిష్ అంటున్నారు. ఏ చేపనైనా షాపుకి తిరిగివ్వు గానీ ముడసర్లోవ రిజర్వాయరులో వదలకు.

ఏంజెల్ పిల్లలు ఐదు కొను. ఒంటికి తగ్గ కన్ను చూసుకో. ఒళ్లు చిన్నదై కన్ను పెద్దగా కనిపిస్తే అది ఎదుగుదల ఆగిపోయిన చేప. కొన్ని నెలలకి వాటిలో ఒక జంట కుదురుతుంది. అప్పుడు చూడాలి వాటి వేషాలు. స్వోర్డ్ ఆకు ఒకటి ఎంచుకుని రెండూ నోటితో పైనుంచి కిందికి రుద్ది రుద్ది శుభ్రం చేస్తాయి. ఆడది ఆకు వెంబడి పాకుతూ వరసలో గుడ్లు అంటిస్తుంది, వెనకే మగది. తర్వాత పూటలు వేసుకున్నట్టు రెక్కలతో విసురుతూ ఉంటాయి. తెల్లబడిన గుడ్లు చెడిపోయినవి, వాటిని ఏరి తినేస్తాయి. మొదటిసారైతే మొత్తం గుడ్లు తామే తినేయడం మామూలే, బాబుకి ముందే చెప్పి ఉంచు. ఆ రోజుల్లో మిగతా మూడు ఏంజెల్స్‌ని ఒక మూలకి తరిమి కదలనివ్వవు. 3 అడుగుల ట్యాంకులో జంటే మిగలాలి, తక్కినవి తిరిగిచ్చేయ్. షాపువాడితో కొనేటప్పుడే ఆ మాట అనుకో.

మన ఊళ్లో జనవరి రాత్రులకి తప్ప హీటరు పని ఉండదు. 200 వాట్లది 26 డిగ్రీల దగ్గర పెట్టు. అసలు టెన్షన్ మే నెలలో. నీళ్లు 31, 32కి పోతాయి. వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ, పైగా మొక్కలు కూడా రాత్రిపూట దాన్నే పీలుస్తాయి. తెల్లారగట్ల చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే కారణం అదే. నీటి మీదకి చిన్న ఫ్యాను పెట్టమంటారు, మన ఉక్కపోతలో నీరు పెద్దగా ఆవిరవ్వదు కాబట్టి అది ఒకటి రెండు డిగ్రీలు దించితే గొప్ప. రాత్రంతా గాలి రాయి, అంటే మోటారు గాలిని నీళ్లలోకి బుడగలుగా వదిలేది, వేసి ఉంచు. బ్యాటరీతో నడిచే గాలి మోటారు ఒకటి ఇంట్లో ఉండాలి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపానుకి ఊరంతా రోజుల తరబడి చీకట్లో ఉందని నీకూ తెలుసు. కరెంటు లేనప్పుడు మేత వేయకు. చాలా గంటల తర్వాత కరెంటు వస్తే ఫిల్టరు వెంటనే ఆన్ చేయకు, లోపల నిలిచిన నీళ్లు కుళ్లి ఉంటాయి. విప్పి కడిగాకే వెయ్యి.

వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మార్చు. మార్చే ముందు హీటరు ప్లగ్ తియ్యి. మేత రోజుకి రెండుసార్లు, ఒక నిమిషంలో అయిపోయేంత. వారంలో ఒక పూట పస్తు మంచిదే. బతికున్న ట్యూబిఫెక్స్ పురుగులు మురుగులో పెరిగినవి, రోగాలు తెస్తాయి, కొనకు.

సంక్రాంతికి ఊరెళ్తారు కదా, మూడు నాలుగు రోజులైతే పెద్ద చేపలకి ఏమీ వేయనక్కర్లేదు. వారమైతే రోజు విడిచి రోజుకి ఒక్కో చిటికెడు చొప్పున కాగితం పొట్లాలు కట్టి పక్కింటివాళ్లకి ఇవ్వు. తాళంతో పాటు మేత డబ్బా కూడా ఇచ్చావంటే జాలిపడి గుప్పెళ్లతో పోస్తారు. డబ్బా బీరువాలో పెట్టి వెళ్లు.

మీ మావయ్య