రోగి నమ్మకాన్నీ కేసు షీటులో రాయండి

ప్రశ్న: మా అత్తగారికి 68 ఏళ్లు. క్యాన్సర్ ముదిరింది. 'ఏం పాపం చేశానో, దేవుడు నన్ను వదిలేశాడు' అంటూ రోజూ ఏడుస్తున్నారు. మాత్రల మోతాదు పెంచినా నొప్పి తగ్గలేదంటారు. ఆవిడకు ఎలా ధైర్యం చెప్పాలి?

జవాబు: ముందు ధైర్యం చెప్పడం ఆపండమ్మా. 'అలా అనకండి అత్తయ్యా, అంతా మంచే జరుగుతుంది' అన్నారంటే ఆవిడ మాట అక్కడితో ఆగిపోతుంది, దిగులు మాత్రం లోపలే ఉండిపోతుంది. టీవీ కట్టేసి, ఫోన్ పక్కన పెట్టి, మీ ముఖం ఆవిడకు ఎదురుగా కనిపించేలా కూర్చోండి. 'దేవుడు వదిలేశాడని ఎప్పటి నుంచి అనిపిస్తోంది అత్తయ్యా?' అని అడిగి ఊరుకోండి. నిమిషం సేపు జవాబు రాకపోయినా కంగారుపడి మీరే మాట్లాడేయకండి. 'పాపం' అన్న మాట వెనక చాలాసార్లు ఫలానా అని చెప్పగలిగే విషయమే ఉంటుంది: మాటలు లేని తోబుట్టువు, క్షమాపణ అడగలేకపోయిన మనిషి, నిలబెట్టుకోలేని మాట. అది బయటికొస్తే మీరు చేయగలిగిన పనీ దొరుకుతుంది. ఫోన్ కలిపివ్వవచ్చు, ఆవిడ చెబుతుంటే ఉత్తరం రాసిపెట్టవచ్చు, ఆవిడకు గురి ఉన్న మతగురువును పిలిపించవచ్చు. ఎవరిని పిలవాలన్నది మాత్రం ఆవిడే చెప్పాలి.

ఇక నొప్పి సంగతి. 1967లో లండన్‌లో నయం కాని జబ్బులవారిని చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభించిన సిసిలీ సాండర్స్, చివరి దశ రోగుల బాధ శరీరానిది మాత్రమే కాదని, అందులో మనసు, కుటుంబం, ఆధ్యాత్మికత కూడా కలిసి ఉంటాయని చెప్పారు. అలాగని నొప్పంతా మనసుదేనని మాత్రలు తగ్గించేస్తే ఘోరమైన పొరపాటవుతుంది. పొద్దున, రాత్రి నొప్పి ఎంతుందో సున్నా నుంచి పది వరకు ఆవిడనే అంకె చెప్పమనండి. అది రాసి, ఆ పూట ఆవిడ దేని గురించి బాధపడ్డారో పక్కనే రాయండి. వారం రోజుల కాగితం చూస్తే మందు మార్చాలా, కౌన్సెలర్ కావాలా, రెండూ కావాలా అన్నది డాక్టరు తేల్చుకోగలరు.

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని ఎందుకంటున్నామంటే, అమెరికా మనస్తత్వవేత్త కెన్నెత్ పార్గమెంట్ బృందం ఆస్పత్రిలో చేరిన దాదాపు 600 మంది వృద్ధులను రెండేళ్లు గమనించి 2001లో ఫలితాలు ప్రచురించింది. దేవుడు వదిలేశాడని, ప్రేమించడం లేదని కుమిలిపోయినవాళ్లలో మరణాలు ఎక్కువ కనిపించాయి. ఆ కుమిలిపోవడమే చావుకు కారణమని దీన్నిబట్టి చెప్పలేం. అయినా వైద్యుడికి తెలియాల్సిన లక్షణమే అది. రెండు వారాలుగా దేని మీదా ఆసక్తి లేకపోతే డిప్రెషన్ కావచ్చు, దానికి చికిత్స ఉంది. 'చచ్చిపోతే బాగుండు' అన్నారా, ఆ రోజే డాక్టరుకు చెప్పండి, ఆవిడను ఒంటరిగా వదలకండి.

ప్రశ్న: నేను స్టాఫ్ నర్సుని. రోగి నమ్మకాల గురించి అడిగితే మతం ఎందుకంటారేమోనని భయం. ఎలా అడగాలి?

జవాబు: ఆ భయం సహజమే. మతం పేరు అడగనక్కర్లేదు. అమెరికా వైద్యురాలు క్రిస్టినా పుచాల్‌స్కీ 1996లో సహచరులతో కలిసి రూపొందించిన 'ఫికా' పద్ధతిలో నాలుగు విషయాలుంటాయి. కష్టం వచ్చినప్పుడు మీకు అండగా నిలిచే నమ్మకం ఏదైనా ఉందా? చికిత్స విషయంలో నిర్ణయాలు తీసుకునేటప్పుడు దాని ప్రభావం ఎంత? మీకు తోడుండే బృందం, మనుషులు ఉన్నారా? ఈ విషయంలో మేం ఏం చేయాలంటారు?

చేర్చుకున్న రోజు హడావుడిలో కాకుండా, నొప్పి అదుపులోకి వచ్చాక, చుట్టాలు పక్కన లేనప్పుడు అడగండి. 'నాకలాంటివేం లేవు' అంటే, 'మరి మీకు ఓపికనిచ్చేది ఏమిటి?' అనండి. సంగీతం కావచ్చు, మనవరాలు కావచ్చు, దాన్నే రాయండి. కేసు షీటులో 'మతం: ఫలానా' అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. 'ఉదయం ఆరింటికి పావుగంట ప్రార్థన, ఆ సమయంలో రక్తం తీయవద్దు', 'రక్తం ఎక్కించడానికి ఒప్పుకోరు, డాక్టరు మాట్లాడాలి' అని రాస్తే తర్వాతి షిఫ్టుకు పనికొస్తుంది. మీ నమ్మకాన్ని రోగికి బోధించకండి. మంచం దిగలేని మనిషి మీకు ఎదురుచెప్పలేక తలూపుతాడు, అది సమ్మతి కాదు. ప్రార్థనకు తోడుండమని రోగి తనంతట తాను అడిగితే పక్కన మౌనంగా నిలబడవచ్చు.

ప్రశ్న: మనకోసం ఇతరులు ప్రార్థిస్తే ఆపరేషన్ బాగా జరుగుతుందా?

జవాబు: అమెరికాలో ఆరు ఆస్పత్రుల్లో 1,802 మంది బైపాస్ రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. ఇతరుల ప్రార్థన వల్ల సమస్యలు తగ్గలేదు. పైగా తమకోసం ప్రార్థిస్తున్నారని తెలిసినవారిలో 59 శాతానికి సమస్యలు వచ్చాయి, ప్రార్థిస్తారో లేదో తెలియని రెండు గుంపుల్లో, ప్రార్థన జరిగినవారిలో 52 శాతానికి, జరగనివారిలో 51 శాతానికి వచ్చాయి. కాబట్టి ప్రార్థనను నమ్ముకుని ఆపరేషన్ వాయిదా వేయకండి. మీవాళ్లు మీకోసం ప్రార్థించడం మీకు నిబ్బరాన్నిస్తుంటే దాన్ని మానుకోవాల్సిన పనీ లేదు.

ప్రశ్న: నాన్నగారు ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్నారు. మంచం పక్కనే దీపం పెట్టమంటున్నారు. కాదంటే బాధపడతారు.

జవాబు: ఆ గదిలో దీపం, కొవ్వొత్తి, అగరుబత్తి ఏదీ వద్దు. ఆక్సిజన్ తనంతట తాను మండదు, కానీ నిప్పురవ్వ పడితే బట్టలు, దుప్పట్లు క్షణాల్లో అంటుకుంటాయి. యంత్రం కట్టేసినా పక్క బట్టల్లో అది కాసేపు నిలిచే ఉంటుంది కాబట్టి 'ఐదు నిమిషాలు ఆపి వెలిగిద్దాం' అన్నదీ ప్రమాదమే. బ్యాటరీ దీపాన్ని ఆయన చేతికే ఇచ్చి, స్విచ్ ఆయన్నే వేయమనండి.