మ్యాన్ వర్సెస్ వైల్డ్‌లో బేర్ గ్రిల్స్ చూపించిందంతా నాటకమేనా? ఆ చిట్కాలైనా పనికొస్తాయా?

మీ ప్రశ్నలో రెండు సంగతులు కలిసిపోయాయి. చిన్నప్పుడు డిస్కవరీలో తెలుగు డబ్బింగ్‌తో నోరు తెరుచుకుని చూసిన, అడవుల్లో చిక్కుకుని బతికి బయటపడే ఈ షోలో హీరో గ్రిల్స్ రాత్రిళ్లు హోటల్లో పడుకున్నాడని తెలిసి మనసు విరిగిపోయిందన్నది ఒకటి. నేర్చుకున్న చిట్కాలను నమ్మి అడవికి వెళ్లొచ్చా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు మీరు భయపడినంత ఘోరంగా ఏమీ లేదు. రెండోదానికి మాత్రం మీరు అనుకున్నదానికంటే ఘోరంగానే ఉంది.

ముందు 2007లో ఏం బయటపడిందో చూద్దాం. ఆ షోకి సలహాదారుగా పనిచేసిన ఒకాయన బ్రిటన్ పత్రికకు చెప్పిన మాటలతో గొడవ మొదలైంది. కాలిఫోర్నియాలోని సియెరా నెవాడా కొండల్లో ఒంటరిగా తిరుగుతున్నట్టు చూపించిన భాగం తీస్తున్నప్పుడు గ్రిల్స్ రాత్రిళ్లు బాస్ లేక్ దగ్గరున్న ఒక రిసార్టులో ఉన్నాడు. తాడు విసిరి పట్టబోయిన ‘అడవి గుర్రాలు’ షూటింగ్ కోసం బండ్లో ఎక్కించి తెచ్చిన పెంపుడు గుర్రాలని ఆరోపణ. ఎవరూ లేని దీవిలో చిక్కుకున్నట్టు తీసిన భాగం హవాయిలోది. అక్కడ అతను కట్టిన తెప్పను ముందుగా సలహాదారు బృందం కట్టి, నీటిమీద తేలుతుందో లేదో చూసి, విప్పేసి, ఆ ముక్కల్ని అతని చేతికిచ్చిందట. బ్రిటన్‌లో ఈ షోని ‘బార్న్ సర్వైవర్’ పేరుతో వేసిన ఛానల్ 4, ఇది ఒంటరి మనిషి బతికి బయటపడిన కథ కాదని, ఎలా బతకాలో చూపే కార్యక్రమమని సమర్థించుకుంది. డిస్కవరీ మాత్రం పాత భాగాలను సరిచేసి వేసింది, మొదట్లో ఒక ప్రకటన చేర్చింది. ప్రాణాపాయం ఉన్నచోట గ్రిల్స్‌కీ బృందానికీ సహాయం అందుతుందని, మెళకువలు చూపించడానికి కొన్ని పరిస్థితులను అతని ముందు ‘ఏర్పాటు చేస్తామ’ని ఆ ప్రకటన సారాంశం. ఇంగ్లీషులో, కాసేపే, చిన్న అక్షరాల్లో. తెలుగు గొంతు వింటూ కూర్చున్న పదేళ్ల పిల్లాడికి అది ఎక్కడ కనిపిస్తుంది?

గ్రిల్స్ చేతకానివాడేం కాదు. బ్రిటన్ సైన్యంలో ఎస్ఏఎస్ అనే ప్రత్యేక దళం రిజర్వు విభాగంలో పనిచేశాడు. 1998లో ఇరవై మూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కాడు. హోటల్లో పడుకోవడమూ తప్పు కాదు. కెమెరామన్, సౌండ్ మనిషి, కొండలెక్కడం తెలిసిన సేఫ్టీ గైడ్, ఇలాంటి షూటింగ్‌లకు మామూలుగా వీళ్లంతా ఉంటారు. బ్యాటరీలు ఛార్జి కావాలి, ఆ రోజు తీసినదంతా రాత్రికి కాపీ చేసి పెట్టుకోవాలి, లెన్సులో పట్టిన తేమ ఆరాలి. వీటికి కరెంటు కావాలి, కరెంటుకి గది కావాలి. ‘నేను ఒంటరిగా ఉన్నాను’ అనే మాట ఒక్కటి లేకపోయుంటే ఈ గొడవే పుట్టేది కాదు.

నిజంగా ఒంటరిగా తీస్తే ఎలా ఉంటుందో కెనడాకు చెందిన లెస్ స్ట్రౌడ్ ‘సర్వైవర్‌మ్యాన్’లో చూపించాడు. ఎక్కువ భాగాల్లో ఏడు రోజులు, కెమెరాలన్నీ తనే మోసుకుని, కెమెరా పట్టే మనిషే లేకుండా. అలా తీయడంలో ఉన్న కష్టం చూసేవాళ్లకు తెలియదు. దూరంగా నడిచి వెళ్లిపోతున్న ఒక్క షాట్ కావాలంటే కెమెరా నిలబెట్టాలి, నడిచి వెళ్లాలి, వెనక్కి వచ్చి కెమెరా తీసుకోవాలి, మళ్లీ అదే దారిన నడవాలి. తెరమీద ఒకసారి కనిపించే నడక కాళ్లకు మూడుసార్లు. అందుకే స్ట్రౌడ్ షో నెమ్మదిగా, కొంచెం విసుగ్గా కూడా ఉంటుంది. నిజమైన ఆకలికి నేపథ్య సంగీతం ఉండదు కదా.

పెద్ద సంస్థలూ ఈ ఊబిలో కాలు పెట్టాయి. బీబీసీ డాక్యుమెంటరీ ‘హ్యూమన్ ప్లానెట్’లో ఇండోనేషియాలోని పాపువా అడవి తెగవాళ్లు చాలా ఎత్తున చెట్టుమీద కట్టుకున్నట్టు చూపిన ఇల్లు వాళ్లు ఉండే ఇల్లు కాదని, షూటింగ్ కోసం కట్టించిందని బీబీసీ 2018లో ఒప్పుకుంది. తిండి, ప్రయాణాల షోలు చేసిన అమెరికన్ ఆంథోనీ బోర్డైన్ మాత్రం ఇంకో దారిలో వెళ్లాడు. 2013లో సిసిలీలో తీసిన భాగంలో సముద్రంలో వేటకు తీసుకెళ్లిన స్థానికుడు, పక్క పడవలోంచి చచ్చిన ఆక్టోపస్‌లను నీళ్లలో వేయించి పట్టినట్టు నటించాడు. బోర్డైన్ దాన్ని కత్తిరించలేదు. పైనుంచి చచ్చిన జంతువులు పడుతుంటే తనకు ఎంత చిరాకేసిందో చెప్పి ఆ సీనునే ప్రసారం చేశాడు. ఆ భాగం పరువు నిలబెట్టింది ఆ చిరాకే.

మన దగ్గరకొస్తే, ప్రధాని మోదీతో జిమ్ కార్బెట్‌లో తీసి 2019 ఆగస్టులో ప్రసారం చేసిన భాగం చూసినవాళ్లంతా అడిగిన ప్రశ్న గుర్తుందా? ఆయన హిందీలో మాట్లాడుతుంటే గ్రిల్స్‌కి ఎలా అర్థమైందని. చెవిలో పెట్టుకున్న వైర్‌లెస్ పరికరంలో వెంటవెంటనే అనువాదం వినిపించేదని ఆ నెల ‘మన్ కీ బాత్’లో మోదీయే చెప్పారు. షోలోనే ఒక్క ముక్క చెప్పుంటే ఎవరూ అడిగేవారు కాదు.

ఏర్పాటు చేసిన సీన్లను పట్టుకోవడం పెద్ద విద్యేం కాదు. ‘ఈ గుహలోకి మొదటిసారి అడుగుపెడుతున్నా’ అంటున్నప్పుడు షాట్ గుహ లోపలినుంచి బయటికి తీసి ఉంటే కెమెరా అతనికంటే ముందే అక్కడికి చేరిందన్నమాట. పామునో చేపనో పట్టినప్పుడు ముఖం, చేతులు, జంతువు మూడూ కట్ లేకుండా ఒకే ఫ్రేములో ఉన్నాయా? ముఖం ఒక షాటు, చేతులు ఒక షాటు, పాము ఒక షాటుగా వస్తే అనుమానించాల్సిందే. నీడల పొడవు చూడండి. ‘పది నిమిషాల తర్వాత’ అన్నచోట నీడ సగానికి సగం మారిపోతే మధ్యలో గంటలు గడిచాయి. నదిలో ఈది వచ్చినవాడి చొక్కా తర్వాతి షాటులో పొడిగా ఉందా? కొండ అంచున వేలాడుతున్న షాటు నడుం పైభాగానికే పరిమితమైతే కింద తాడో, అడుగు దూరంలో మెట్టో ఉండే అవకాశం ఎక్కువ. ఇవి ప్రతిసారీ మోసానికి రుజువులు కావు. ఎడిటింగ్ సౌకర్యం కోసం కూడా షాట్లు ఇలా కట్ అవుతాయి. కానీ ఒకే సీన్లో మూడు కలిస్తే నమ్మొద్దు.

ఇక చిట్కాలు. ఆ షోలో అన్నిటికంటే ప్రమాదకరమైన పాఠం మూత్రం తాగడం కాదు, ఆగకుండా నడవడం. గంటసేపు మనిషి కూర్చునే ఉంటే టీవీ ఎవరు చూస్తారు? అందుకే అతను ఎప్పుడూ పరిగెడుతూ, దిగుతూ, ఈదుతూ ఉంటాడు. నిజంగా దారి తప్పినవాడు చేయాల్సింది సరిగ్గా దానికి విరుద్ధం. వెతికేవాళ్లు మీరు చివరిసారి కనిపించిన చోటునుంచి మొదలుపెడతారు. మీరు గంటకు నాలుగు కిలోమీటర్ల చొప్పున గంట నడిస్తే వాళ్లు వెతకాల్సిన వలయం దాదాపు 50 చదరపు కిలోమీటర్లు. రెండు గంటలు నడిస్తే 200. నడక రెట్టింపైతే వెతుకులాట నాలుగింతలవుతుంది. దారి తప్పామని తెలియగానే కూర్చోవాలి, కొన్ని గుక్కలు నీళ్లు తాగాలి, నీడలోకి చేరాలి, విజిల్ ఉంటే మూడేసిసార్లు ఊదాలి, సిగ్నల్ ఏ కాస్త ఉన్నా 112కి చేయాలి. మీ నెట్‌వర్క్ లేకపోయినా ఇంకో కంపెనీ టవర్ అందితే ఆ నంబరు కలిసే అవకాశం ఉంది.

మూత్రం తాగొద్దు. ఒంట్లో నీరు తగ్గినకొద్దీ మూత్రంలో ఉప్పు, యూరియా చిక్కబడతాయి. వాటిని మళ్లీ బయటికి పంపడానికి మూత్రపిండాలకు ఇంకా నీరు కావాలి. ఒకసారి తాగినవాడికి రెండోసారి వచ్చేది ఇంకా చిక్కగా ఉంటుంది. ఆస్ట్రేలియా ఎడారి భాగంలో గ్రిల్స్ టీషర్టుని మూత్రంతో తడిపి తలకు చుట్టుకున్నాడు చూడండి, అది మాత్రం సబబైన పనే. ఆవిరయ్యే తేమ తలను చల్లబరుస్తుంది, ఒంట్లో చెమట కాస్త మిగులుతుంది. అందరూ అసహ్యించుకున్న సీన్లోనే శాస్త్రం ఉంది మరి.

ఏనుగు పేడ పిండి నీళ్లు తాగిన సీను ఇంకా చెడ్డది. అందులోని క్రిములతో విరేచనాలు పట్టుకుంటే తాగిన దానికి ఎన్నో రెట్లు నీరు పోతుంది. వాగు నీళ్లయినా సరే, గుడ్డలో వడగట్టి, బాగా మరగడం మొదలయ్యాక ఇంకో నిమిషం మరిగించాలి. రెండు వేల మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు. నల్లమలలో, తూర్పు కనుమల్లో అంత ఎత్తు శిఖరాలు లేవు కాబట్టి మనకు ఒక నిమిషం చాలు.

పురుగుల్ని, పచ్చి మాంసాన్ని నమలడం కూడా నీళ్లు దండిగా ఉంటేనే. మాంసకృత్తులు అరిగాక మిగిలే యూరియాని బయటికి పంపడానికి నీరు ఖర్చవుతుంది. ఆరోగ్యవంతుడు తిండి లేకుండా మూడు వారాల వరకు ఉండగలడు, నీళ్లు లేకుండా మూడు రోజులు కష్టం. ఒకటి రెండు రోజుల్లో దొరికిపోయే మనిషికి గొంగళిపురుగుతో పనేముంది?

తెలియని నీళ్లలో దూకడం గురించి జలపాతాల దగ్గర సెల్ఫీలు తీసుకునే కుర్రాళ్లకు ఎంత చెప్పినా తక్కువే. లోతు తెలియదు, అడుగున రాయి కనబడదు. ఇక దిగేవాళ్లకు ఇంకో చిక్కుంది. పైనుంచి చూస్తే నీటి లోతు అసలు లోతులో ముప్పావు వంతే అనిపిస్తుంది. నడుం లోతనుకుని దిగిన ఈత రాని మనిషి నీళ్లలో ఛాతీ దాకా మునుగుతాడు. ముందు పొడవాటి కర్రతో లోతు చూడాలి.

పాము కాటుకు కోయడం, పీల్చడం, తాడు బిగించడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా చెక్కతో కట్టి 108కి ఫోన్ చేసి యాంటీవీనం ఉన్న ఆసుపత్రికి చేర్చాలి.

పనికొచ్చేవీ ఉన్నాయి. నీడ కర్ర పద్ధతి మన ఎండలకు బాగా సరిపోతుంది. మూడడుగుల కర్ర నిటారుగా పాతి నీడ కొసన ఒక రాయి, ఇరవై నిమిషాల తర్వాత కొత్త కొసన ఇంకో రాయి పెట్టండి. మొదటి రాయి పడమర, రెండోది తూర్పు. మధ్యాహ్నం దగ్గరపడేకొద్దీ ఇది కచ్చితంగా వస్తుంది, పొద్దున్నే, సాయంత్రం తేడా కొడుతుంది. నిప్పు సంగతి వేరు. వానాకాలంలో నేలమీది పుల్లలు రగలవు. ఎండి నిలబడి ఉన్న చెట్టు కొమ్మ చీలిస్తే లోపల పొడి చెక్క ఉంటుంది. అయితే రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం, అభయారణ్యంలోకి అనుమతి లేకుండా అడుగుపెట్టడమూ నేరమే. షో చూసిన ఉత్సాహంతో అమ్రాబాద్‌లో టెంటు వేద్దామనుకునేవాళ్లు ఈ ముక్క ముందే తెలుసుకోవాలి.

మన ఛానల్లో వచ్చిన ఏదైనా కార్యక్రమం తప్పుదారి పట్టించిందని గట్టిగా అనిపిస్తే ఫిర్యాదు చేయొచ్చు. 2021లో సవరించిన కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు ఛానల్ 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో నిర్ణయం తెలపాలి. నచ్చకపోతే ఛానళ్లు ఏర్పాటు చేసుకున్న స్వీయ నియంత్రణ మండలికి అప్పీలు. ఫిర్యాదులో ఛానల్ పేరు, ప్రసారమైన తేదీ, సమయం, ఎన్నో నిమిషంలో ఏ సీను, ఏ మాట తప్పుదారి పట్టించిందో రాయండి. ‘షో అంతా దొంగ’ అని రాసినవి ముందుకు కదలవు. ‘రాత్రి తొమ్మిది ఇరవైకి ఒంటరిగా ఉన్నానన్నాడు, అదే సీన్లో రెండో కెమెరా నీడ రాతిమీద పడింది’ అని రాస్తే వాళ్లు ఆ టేపు తీసి చూడక తప్పదు.