పంపు మార్చాక ఇంజన్ స్టార్ట్ కాకపోతే

డీజిల్ ఇంజన్‌కి కొత్త ఇంజెక్షన్ పంపు బిగించాక సెల్ఫ్ తిరుగుతోంది కానీ పొగ కూడా రావట్లేదంటే, ఇంజెక్టర్ల (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల) దాకా డీజిల్ చేరడం లేదు. చాలావరకు లైన్లలో గాలి ఉండిపోయి ఉంటుంది. అప్పుడే పంపును అనుమానించకండి.

1. డీజిల్ ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ (గాలి బయటికి వదిలే స్క్రూ) వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతి పంపు కొట్టి, స్క్రూ బిగించండి.
2. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అసలు పని ఇంజెక్టర్ల దగ్గరే ఉంది. ప్రతి ఇంజెక్టర్ పైపు నట్టును కొంచెం వదులు చేసి, అక్కడ డీజిల్ కనిపించేదాకా సెల్ఫ్ కొట్టండి. ఒక్కోసారి 10–15 సెకన్లే, మధ్యలో సెల్ఫ్ మోటారు చల్లారాలి.
3. నట్లు బిగించి స్టార్ట్ చేయండి.

వదులు చేసిన నట్ల దగ్గర చేయి మాత్రం పెట్టొద్దు, ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. ఇదంతా పాత మెకానికల్ పంపులకే. కామన్ రైల్ (చాలా ఎక్కువ ఒత్తిడితో, కంప్యూటర్ నడిపే డీజిల్ సిస్టమ్) అయితే ఆ నట్లు అస్సలు ముట్టుకోకండి.

నట్ల దగ్గర చుక్క కూడా రాకపోతే స్టాప్ సోలినాయిడ్ (పంపులో డీజిల్‌ను ఆపే కరెంటు వాల్వు) వైరు చూడండి. డీజిల్ వచ్చి, తెల్ల పొగతో ఆగిపోతే టైమింగ్ గుర్తులు (పంపు, ఇంజన్ సరైన సమయానికి కలిసి తిరిగేలా పెట్టిన గుర్తులు) మళ్లీ కలపాలి.