గేమ్ ఆలస్యమైతే చీటింగ్ కేసు అవుతుందా?

ప్రశ్న: నేనూ నా మిత్రుడూ హైదరాబాద్‌లో ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టి, ఒక కంప్యూటర్ గేమ్ తయారీకి 2023 ఆగస్టులో క్రౌడ్‌ఫండింగ్ ద్వారా దాదాపు 600 మంది నుంచి రూ.11 లక్షలు సేకరించాం. 2024 డిసెంబరుకల్లా గేమ్ చేతికిస్తామని రాశాం. మధ్యలో మిత్రుడు వేరే ఉద్యోగంలో చేరాడు. ఒక్కడినే రాత్రింబవళ్లు పనిచేసి ఆరోగ్యం పాడుచేసుకున్నాను. డాక్టరు కొన్నాళ్లు పని మానేయమన్నారు. సగం గేమ్ సిద్ధంగా ఉంది. ఆరు నెలలుగా ఎవరికీ జవాబు ఇవ్వలేదు. ఇప్పుడొకరు 420 కేసు పెడతానంటున్నారు. డబ్బంతా తిరిగి ఇవ్వాలా?

జవాబు: ముందుగా మీకు నిద్ర పట్టనివ్వని విషయం. పని ఆలస్యం కావడం, పూర్తి చేయలేకపోవడం వాటంతటవే మోసం కావు. మీరు డబ్బు తీసుకున్నది 2023లో కనుక, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చినా, ఈ ఆరోపణను దానికి ముందున్న పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి)లో మోసానికి సంబంధించిన 420వ సెక్షన్ ప్రకారమే చూడాలి. డబ్బు అడిగిన నాడే మోసగించే ఉద్దేశం ఉండాలనీ, తర్వాత మాట తప్పడం ఒక్కటే చాలదనీ సుప్రీంకోర్టు హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో 2000లోనే స్పష్టం చేసింది. మీ తరఫున మొదటి సాక్ష్యం ఆ సగం గేమే. కోడ్‌లో ఏ రోజు ఏం మార్చారో తేదీలతో చూపే గిట్ రికార్డు, బొమ్మలు గీసినవారికీ సంగీతం చేసినవారికీ చెల్లించిన బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, డాక్టరు చీటీలు ఒకచోట చేర్చి కాపీలు తీసి పెట్టుకోండి. పోలీసుల నుంచి హాజరు కమ్మని నోటీసు వస్తే తప్పించుకు తిరగకుండా ఈ కాగితాలతో, న్యాయవాదిని సంప్రదించిన తర్వాత వెళ్లండి.

అయితే నేరం కానంత మాత్రాన బాధ్యత తీరిపోదు. కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ ప్రకారం, గడువే ఒప్పందానికి ప్రాణం కాని సందర్భాల్లో కూడా, ఆలస్యం వల్ల కలిగిన నష్టానికి పరిహారం అడిగే హక్కు అవతలివారికి ఉంటుంది. గేమ్ కాపీ కోసం డబ్బు కట్టినవారు తాము వినియోగదారులమని వాదించవచ్చు, ఆ వాదనకు బలం ఉందనే నా అభిప్రాయం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వారు తాము నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు కనుక, పుణెలో ఉన్నవారు కేసు వేస్తే మీరు పుణె వెళ్లి జవాబు చెప్పుకోవలసి రావచ్చు. అనారోగ్యాన్ని చూపి కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ కింద ఒప్పందం అసాధ్యమైందని వాదించడం మీ విషయంలో కష్టం, ఎందుకంటే మాట ఇచ్చింది కంపెనీ, పనిని వేరొకరితో చేయించే వీలుంది. ఒకవేళ ఆ వాదన నెగ్గినా, ఆ ఒప్పందం కింద తీసుకున్న డబ్బును తిరిగి ఇవ్వాలనే 65వ సెక్షన్ అడ్డు వస్తుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టినది మీ ఆరు నెలల మౌనం. అలసిపోయిన మనిషికి ఒక ఉత్తరం రాయడం కూడా కొండంత పని అవుతుందని నాకు తెలుసు, కానీ మీకు దురుద్దేశం ఉందని వాదించేవారికి ఆ మౌనమే పనికొస్తుంది. ఈ వారంలోనే అందరికీ ఒక లేఖ పంపండి. ఎంత డబ్బు వచ్చింది, దేనికెంత ఖర్చయింది, ఎంత మిగిలింది, గేమ్‌లో ఏ భాగాలు నడుస్తున్నాయి, వైద్య కారణంగా పని ఎందుకు ఆగింది అన్నవి అంకెలతో సహా అందులో ఉండాలి. కొత్త గడువుకు ఒప్పుకుంటున్నారా అని ఒక్కొక్కరినీ విడిగా అడగండి, ఎందుకంటే కాంట్రాక్టు చట్టం 63వ సెక్షన్ కింద గడువు పొడిగింపు ఒప్పుకున్నవారికే వర్తిస్తుంది. ఒప్పుకోనివారికి మిగిలిన సొమ్ములో వారి వాటా ఇవ్వజూపండి. ఆవేశంలో ‘అందరికీ మొత్తం తిరిగి ఇచ్చేస్తాను’ అని మాత్రం రాయకండి. లిఖితపూర్వకంగా బాకీ ఒప్పుకుంటే, లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం దావా గడువు ఆ తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది.

లెక్కల మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. అమెరికాలో 2012లో ఒక బోర్డు గేమ్ కోసం కిక్‌స్టార్టర్ అనే క్రౌడ్‌ఫండింగ్ వెబ్‌సైటులో 1,246 మంది నుంచి 1,22,000 డాలర్లకు పైగా సేకరించిన వ్యక్తిపై అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుని, 2015లో రాజీ తీర్పు పొందింది. ఆ డబ్బు ఇంటి అద్దెకూ వేరే ప్రాజెక్టుకూ మళ్లిందన్నది అక్కడి ప్రధాన ఆరోపణ. మీరు జీతంగా తీసుకున్న మొత్తం మీ క్రౌడ్‌ఫండింగ్ పేజీలో ముందే చెప్పి ఉంటే ఇబ్బంది లేదు. చెప్పకపోతే ఇప్పుడైనా దాచకుండా చూపండి.

మీరు అడగని సంగతి ఒకటి మిగిలింది, నా దృష్టిలో మీకు అన్నిటికన్నా ప్రమాదకరమైనది అదే. 2014 నాటి కంపెనీల డిపాజిట్ల నిబంధనల ప్రకారం, సరుకు లేదా సేవ కోసం కంపెనీ తీసుకున్న అడ్వాన్సు 365 రోజుల్లో ఆ సరఫరా కింద సర్దుబాటు కాకపోతే దాన్ని డిపాజిట్‌గా, అంటే కంపెనీ జనం నుంచి తీసుకున్న అప్పులాంటి సొమ్ముగా, పరిగణించే వీలుంది. డబ్బు ఖర్చయిపోయినంత మాత్రాన సర్దుబాటు అయినట్టు కాదు. డిపాజిట్ల నియమాల ఉల్లంఘనకు కంపెనీల చట్టంలో జరిమానాలు చాలా భారీగా ఉంటాయి. ఆడటానికి వీలైన మొదటి భాగాన్ని ఇప్పుడే డబ్బు కట్టినవారికి అందజేస్తే, కొంత సరఫరా జరిగిందని చెప్పుకోవడానికి ఆధారం దొరుకుతుంది. 2012లో కిక్‌స్టార్టర్‌లో 33 లక్షల డాలర్లకు పైగా సేకరించిన డబుల్ ఫైన్ సంస్థ కూడా తన గేమ్‌ను 2014లో ఒక సగం, 2015లో మరో సగంగా విడుదల చేసింది. ఏదేమైనా కంపెనీ చట్టాల వ్యవహారాలు చూసే నిపుణుడైన కంపెనీ సెక్రటరీకి మీ ఖాతా పుస్తకాలు చూపించకుండా ఆలస్యం చేయవద్దు. ఆయన వద్దకు మీ మిత్రుణ్ని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. ఉద్యోగంలో చేరినా, రాజీనామా చేసి, డైరెక్టర్ల మార్పును ప్రభుత్వానికి తెలిపే డీఐఆర్-12 ఫారం దాఖలు కానంత వరకు రికార్డుల్లో ఆయన డైరెక్టరుగానే కొనసాగుతారు, మీతో పాటు ఆయనా జవాబు చెప్పవలసి ఉంటుంది.