పాండురోగానికి (రక్తహీనతకు) మండూరం వాడవచ్చునా? నా అనుభవం

మీకు 34 ఏళ్లని, హిమోగ్లోబిన్ 8.4 ఉందని, ఐరన్ మాత్రలు కడుపులో పడటం లేదని, వాటికి బదులు మండూర భస్మం వాడవచ్చునా అని అడిగారు. ఆరేళ్ల క్రితం నాదీ ఇదే పరిస్థితి.

అప్పుడు నాకు 7.9 ఉండేది. రెండంతస్తుల మెట్లు ఎక్కితే గుండె దడదడలాడేది. చేటలో బియ్యం చెరుగుతూ గుప్పెడేసి పచ్చి బియ్యం నమిలేదాన్ని. అది ఇనుము లోపానికి గుర్తని డాక్టరు చెప్పేదాకా నాకు తెలియదు. మాత్రలు వేసుకుంటే వికారం, మలబద్ధకం. అందుకని నెలన్నరకే మానేసి, డిగ్రీ చదివిన ఒక ఆయుర్వేద వైద్యురాలి దగ్గరకు వెళ్లాను.

ఆమె పునర్నవా మండూరం ఇచ్చి, పలుచటి మజ్జిగతో వేసుకోమన్నారు. మండూరమంటే ఇనుప చిట్టెం. దాన్ని ఎర్రగా కాల్చి ఆవుపంచితంలో ముంచి, అలా పలుమార్లు శుద్ధిచేసి, పుటం పెట్టి (మూసిన మూకుళ్లలో కాల్చి) భస్మం చేస్తారు. చరక సంహితలో పాండురోగానికి చెప్పిన నవాయస చూర్ణంలోనూ శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, త్రిఫల, తుంగముస్తలు, వాయువిడంగాలు, చిత్రమూలం అన్నీ కలిపి ఎంతో, ఇనుము ఒక్కటే అంత. కనుక ఇవి ఆకులూ వేర్లూ మాత్రమే అనుకోవద్దు. వీటిలో ముఖ్యంగా ఉన్నది ఇనుమే. నాకు వికారం రాలేదు, విరేచనం మాత్రం నల్లగానే అయ్యేది.

మూడు నెలలకు 10.2 వచ్చింది. ఆ తర్వాత ఎంత వాడినా కదలలేదు. అప్పుడు ఆ వైద్యురాలే, నెలసరి ఎన్ని రోజులుంటుందని అడిగి, ఎనిమిది రోజులనగానే స్కానింగ్‌కు పంపారు. గర్భాశయంలో గడ్డ ఉంది. నెలనెలా పోయే రక్తాన్ని ఆపకుండా భస్మం మింగుతూ కూర్చుంటే ఏ లాభమూ ఉండదని నాకు అప్పుడు అర్థమైంది. గైనకాలజిస్టు చికిత్సతో పాటు ఐరన్ మాత్ర రోజు విడిచి రోజు వేసుకోమన్నారు. ఆ పద్ధతిలో మాత్ర నాకు పడింది. హిమోగ్లోబిన్ 12 దాటాక కూడా ఒంట్లో నిల్వలు నిండాలని మరో మూడు నెలలు కొనసాగించారు.

అందువల్ల మీరు ముందు ఫెరిటిన్ పరీక్ష (ఒంట్లో ఇనుము నిల్వలు ఎంతున్నాయో చెప్పేది) చేయించుకోండి. తలసీమియా అనే రక్తదోషం తల్లిదండ్రుల నుంచి కొద్దిగా వచ్చినవారికీ, ఇనుము లోపం లేకపోయినా, రక్తం తక్కువగానే కనిపించవచ్చు. లోపం లేని ఒంటికి ఇనుము పెట్టడం మంచిది కాదు. సంతలోనో, పరిచయస్థుల ద్వారానో దొరికే లేబుల్ లేని భస్మాన్ని ఎంత నమ్మకస్తులిచ్చినా ముట్టవద్దు, అలాంటి వాటిలో సీసం ఉండి ప్రాణం మీదకు వచ్చిన సందర్భాలున్నాయి. గర్భిణిగా ఉంటే సొంతంగా ఏ భస్మమూ వాడవద్దు.

ఇక వంటింటి సంగతి. మా అమ్మమ్మ ఇనుప మూకుడులోనే పులుసుకూర వండి, నల్లబడకముందే గిన్నెలోకి తీసేది. పులుపు తగిలితే ఇనుము కూరలోకి దిగుతుంది. మునగాకు పప్పు, తోటకూర, నువ్వుల చిమ్మిలి మంచివే, కానీ ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టేది కొంచెమే. అందుకే నేను పక్కన ఉసిరికాయో, నిమ్మరసమో తప్పకుండా పెట్టుకుంటాను. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటును గంటన్నర వెనక్కి జరిపాను, ఎందుకంటే టీ ఆ పట్టే కాస్తనూ బాగా తగ్గిస్తుంది. అయితే 8.4 ఉన్న మీకు తిండి ఒక్కటే చాలదు. మీ నెలసరి ఎన్ని రోజులుంటుందో ప్రశ్నలో రాయలేదు. డాక్టరు దగ్గర మొదట అదే చెప్పండి.