చరిత్ర పాఠానికి మొదటి ఆధారం ఇంట్లోని గిన్నె

చెన్నైలో మూడు, నాలుగు తరగతుల పిల్లలకు చరిత్ర చెప్పవలసి వచ్చిందనీ, రాజుల పేర్లూ సంవత్సరాలూ ఎంత వల్లె వేయించినా వారం తిరిగేసరికి మరిచిపోతున్నారనీ, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమనీ మీరు అడిగారు. ఉత్తర చెన్నైలోని ఒక తెలుగు మాధ్యమ పాఠశాలలో పదకొండేళ్లు ఆ తరగతులకే చెప్పాను గనుక, నా అనుభవంలో ఫలించినదే రాస్తున్నాను.

మొదటి ఏడాది నేనూ మీలాగే మొదలుపెట్టాను. అశోకుడి పాఠమూ, 1856లో ప్రారంభమైన మన రాయపురం రైల్వే స్టేషన్ సంగతీ ఒకే వారంలో చెప్పాను. శనివారం ఒక పిల్లవాడు లేచి, "టీచర్, అశోకుడు కూడా రాయపురంలోనే రైలెక్కాడా?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది గానీ, ఎందుకు ఎక్కలేదో నవ్విన వారిలో ఒక్కరూ చెప్పలేకపోయారు. ఎనిమిదేళ్ల పిల్లలకు పాతకాలం అంటే ఒకే గది; అందులో తాతయ్య, గాంధీగారు, అశోకుడు పక్కపక్కనే కూర్చుని ఉంటారు.

మరుసటి ఏడాది పుస్తకం పక్కన పెట్టి, ఇంట్లో పేరు చెక్కించిన పాత గిన్నె ఏదైనా ఉంటే తెమ్మన్నాను. మన ఇళ్లలో చదివింపుల గిన్నెలకు కొదవేముంది! ఇత్తడి బిందెలు, స్టీలు పళ్లేలు, ఒక మరచెంబు వచ్చాయి. చుక్కలు చుక్కలుగా కొట్టిన ఆ అక్షరాలను పిల్లలు వేలితో తడుముతూ చదివి, ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఏ ఊరు, ఏ తేదీ అని నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. మరచెంబు మీద మాత్రం తేదీ లేదు. దాన్ని తెచ్చిన అమ్మాయి ముత్తవ్వ పేరూ, ఆమె పుట్టింటి ఇంటిపేరు మొదటి అక్షరమూ ఉన్నాయి. పుట్టింటి ఇంటిపేరు ఉంది కాబట్టి పెళ్లికి ముందే కొన్నారని ఒక పిల్లవాడు అన్నాడు. పెళ్లిలో పుట్టింటివారే ఇచ్చి తమ ఇంటిపేరు వేయించి ఉండవచ్చు కదా అని మరో అమ్మాయి అడ్డుపడింది. అరగంట వాదించుకున్నారు, ఎటూ తేలలేదు. నా దృష్టిలో వారికి చరిత్ర పాఠం ఆ రోజే మొదలైంది.

చెన్నపట్నం పేరు గురించి చెప్పడానికి ఆ వాదనే దారి చూపింది. 1639లో ఈ తీరంలో స్థలాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చినవారు ఇక్కడి పాలకులైన దామెర్ల నాయకులనీ, వారి తండ్రి చెన్నప్ప నాయకుని పేరు మీదుగా ఊరికి ఆ పేరు వచ్చిందని ఎక్కువమంది చెబుతారనీ, చెన్నకేశవస్వామి ఆలయం వల్ల వచ్చిందనే వాదన కూడా ఉందనీ చెప్పాను. వెంటనే చేతులెత్తి ఓటు వేద్దామన్నారు. ఓట్లతో తేలదు, ఆధారం కావాలి అన్నాను. "మరచెంబు లాగా" అని దాన్ని తెచ్చిన అమ్మాయే అంది.

సంవత్సరాలకు ఒక తాడు చాలు. ఆనాటి నుంచి వెనక్కి, పదేళ్లకు ఒక జాన చొప్పున కొలిపించాను. రాయపురం స్టేషన్ 16 జానల దగ్గర, చెన్నపట్నం 38 జానల దగ్గర ఆగాయి. సుమారు 1,800 ఏళ్ల నాటి అమరావతి శిల్పాల కోసం తాడు పట్టుకుని 180 జానలు, అంటే వరండా చివరిదాకా నడవవలసి వచ్చింది. అశోకుడు ఇంకా అవతల, గేటు దగ్గర నిలబడ్డాడు. రైలు సందేహం మళ్లీ ఎవరికీ రాలేదు.

ఆ తర్వాతే వారిని ఆ అమరావతి శిల్పాలున్న ఎగ్మూర్ మ్యూజియానికి తీసుకెళ్లాను. అమరావతి స్తూపానికి రాళ్లు ఇచ్చిన సామాన్యులు, వారిలో ఒక చర్మకారుడు సహా, తమ దానాన్ని బ్రాహ్మీ లిపిలో చెక్కించుకున్నారు. ఎవరు ఇచ్చారో రాసి ఉందని చెప్పగానే, "అయితే ఇవీ చదివింపులే" అన్నారు పిల్లలు. శాసనం అనే మాటకు నేను అర్థం చెప్పనక్కర లేకపోయింది. రాజుల పేర్లు ఆ ఏడాది చివరి రెండు నెలల్లో చెప్పాను. అప్పటికి వాటిని తగిలించడానికి తాడు ఉంది.

మీరు గిన్నెలు తెప్పిస్తే సాయంత్రం లెక్కపెట్టి తిరిగి పంపండి, ఒక మూత పోయినందుకు నేను ఒక అమ్మమ్మగారికి చాలాసార్లు సంజాయిషీ చెప్పుకున్నాను. మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆ సంగతి కనుక్కోకుండా వెళ్లి, ముప్ఫై మంది పిల్లలతో మూసిన గేటు ముందు ఒకసారి నిలబడ్డాను.